అత్తయ్యగారి రిటర్న్

పైసా సంపాదన లేని మనిషి ట్యాక్స్ రిటర్న్‌ను కూడా తిప్పికొడతారని నాకు ఆ మార్చి నెలలోనే తెలిసింది. ఆదాయం గడిలో సున్నా, ముందే కట్టిన పన్ను గడిలో సున్నా, ఇంకా కట్టాల్సిన చోట సున్నా. ఇన్ని సున్నాల మధ్య తప్పు దూరడానికి సందెక్కడుందిలే అనుకుని ఆన్‌లైన్‌లో పంపించే బటన్ నొక్కాను. కంప్యూటర్ కాసేపు ఆలోచిస్తున్నట్టు నటించి, ఈ రిటర్న్ తీసుకోవడం కుదరదు పొమ్మంది. మీరిచ్చిన పేరో, ఇక్కడి ప్రభుత్వం మనిషికొకటి ఇచ్చే సిన్ నంబరో, పుట్టినతేదీయో మా దగ్గరున్న వివరాలతో కలవడం లేదు, సరిచూసుకుని మళ్ళీ పంపండి అని ఆ ఎర్ర అక్షరాల సారాంశం.

ఆ రిటర్న్ మా అత్తయ్యగారిది. మామగారు పోయాక, మా ఆవిడ ఒక్కగానొక్క కూతురు కనక, ఆవిణ్ణి రాజమండ్రి నుంచి కెనడాకి, మేముండే మిస్సిసాగాకి తెచ్చుకున్నాం. వచ్చి కొన్నేళ్ళయినా, సంపాదనే లేనప్పుడు రిటర్న్ ఎందుకని ఎప్పుడూ ఫైల్ చెయ్యలేదు. ఇప్పుడు మాత్రం ఎందుకంటే, ఆవిడకి ఒక ఇల్లు కావాలి. ఇల్లంటే ఇల్లేం కాదు, ఓ చిన్న ఫ్లాటు.

ఆ సంగతి చెప్పేముందు ఆవిడ మా ఇంట్లో ఎలా ఉండేదో చెప్పాలి. అల్లుడింట్లో ఉంటున్నానన్న మాట ఆవిడ ఒక్క పూట కూడా మర్చిపోలేదు. నేను గరాజ్ తలుపు తీసిన చప్పుడు వినబడగానే టీవీ ఆగిపోయేది. నేను హాల్లోకొస్తే సోఫాలోంచి లేచి నిలబడేది. కూర్చోండి అంటే అంచున కూర్చునేది, ఏ క్షణాన లేవాల్సి వస్తుందోనన్నట్టు. నేను తిన్నాకే తినేది. చలికాలంలో హీటింగ్ బాగా తగ్గించి ఉంచడం నాకలవాటు, కరెంటు ఆదా గ్యాసు ఆదా అని ఉపన్యాసం కూడా ఇస్తాను. ఆవిడ స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని తిరిగిందే తప్ప ఒక్కసారి చలేస్తోంది అనలేదు. నేనేమన్నా "అలాగే బాబూ" అనేది. మా ఇంట్లో అత్తా అల్లుళ్ళ మధ్య ఇంతవరకూ మాటా మాటా రాలేదని స్నేహితుల దగ్గర గొప్పలు పోయేవాణ్ణి కూడాను. మాటా మాటా రావాలంటే రెండో వైపు నుంచి కూడా ఓ మాట రావాలి కదా అన్న ఆలోచన నాకప్పుడు లేదు.

మంచు పడే నెలల్లో ఇక్కడి పెద్దవాళ్ళు పొద్దున్నే మాల్‌కి వెళ్ళి, షాపులు తెరవకముందే లోపల చుట్లు కొడతారు. అత్తయ్యగారికి అక్కడే కడప ఆవిడ ఒకరు పరిచయమయ్యారు. ఆవిడా భర్త పోయినవారే. కూతురింటికి దగ్గరలో, ఏదో సొసైటీ నడిపే సీనియర్స్ బిల్డింగ్‌లో ఒక్కరే ఉంటారు. మిత్రురాళ్ళయ్యాక ఇద్దరికీ మాల్ చాల్లేదు, ఆదివారాలు మా అత్తయ్యగారు వాళ్ళింటికి వెళ్ళడం మొదలైంది. కొన్నాళ్ళకి ఆవిడ ఎదురు ఫ్లాటు ఖాళీ అవుతోందని తెలిసింది. అత్తయ్యగారు ఎన్ని రోజులు మింగలేక కక్కలేక తిరిగిందో ఏమో, చివరికి కూతురి చెవిన వేసింది. కూతురు నా చెవిన వేసింది.

నాకు చాలా కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే కోపం కాదు, చిన్నతనం అనిపించింది. "అల్లుడు వెళ్ళగొట్టాడనరూ నలుగురూ?" అన్నాను. "ఆ నలుగురి నోళ్ళు మూయించడానికి మా అమ్మ మనింట్లో కూర్చోవాలా?" అంది మా ఆవిడ. హాస్పిటల్ ల్యాబులో పనిచేస్తుంది, మాటలు కూడా సూదితో రక్తం తీసినట్టే, కొంచెమే తీసుకుంటుంది గానీ సరిగ్గా నరంలోనే గుచ్చుతుంది. నేను రెండ్రోజులు ముభావంగా తిరిగాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం అత్తయ్యగారిని తీసుకురావడానికి నేనే వెళ్ళాల్సొచ్చింది. లిఫ్టు దిగి కారిడార్లోకి రాగానే ఎవరో ఆడమనిషి పెద్దగా పకపకా నవ్వడం వినిపించింది. కడప ఆవిడ ఫ్లాటు తలుపు కొంచెం తీసుంది. లోపల గోంగూర మీద యుద్ధం నడుస్తోంది.

"కాదంటే కాదండీ! వెల్లుల్లి లేని గోంగూర మీ గేదెలకి పెట్టుకోండి!"

"పోమ్మా, మాకే చెప్పొచ్చినావు! మీ గోదావరోళ్ళకి అన్నిట్లో ఇంత బెల్లం వెయ్యకపోతే ముద్ద దిగదు!"

ఆ గేదెల మాట అన్నది మా అత్తయ్యగారు. సోఫాలో కాళ్ళు రెండూ పైకి మడిచి పెట్టుకుని, తొడ మీద చరిచి మరీ వాదిస్తోంది. కళ్ళజోడు నుదుటి మీదికెక్కింది. నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు తుడుచుకుంటోంది. నన్ను చూడగానే కాళ్ళు కిందికి దిగాయి, పైట సర్దుకుంది, కళ్ళజోడు చోటికొచ్చింది. "వచ్చారా బాబూ" అంది, నేనెరిగిన గొంతుతో. మా ఇంట్లో ఇన్నేళ్ళూ వినబడిన గొంతు అదొక్కటే. రెండోది ఉందని నాకు తెలియదు.

ఆ సాయంత్రం మా ఆవిడతో, ఫ్లాటుకి ఏమేం కాగితాలు కావాలో కనుక్కోమన్నాను. ఆదాయాన్ని బట్టి అద్దె కాబట్టి, ట్యాక్స్ ఆఫీసు ఇచ్చే అసెస్‌మెంట్ నోటీసు తప్పనిసరిగా కావాలంది ఆ బిల్డింగ్ మేనేజరు. ఏప్రిల్ నెలాఖరుకల్లా ఇస్తే ఫ్లాటు మీదే, లేకపోతే లిస్టులో తర్వాతివాళ్ళకి వెళ్ళిపోతుంది అంది. అదెంత పని, నేను ఏటా మావి రెండూ ఫైల్ చెయ్యట్లేదా అన్నాను.

శనివారం పొద్దున డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ డ్యూటీకి వెళ్ళింది. అత్తయ్యగారు వంటింటి గుమ్మంలో నిలబడింది. కూర్చోమంటే "పర్లేదు బాబూ" అంది. పేరు కొట్టాను, సిన్ నంబరు కొట్టాను. పుట్టినతేదీ దగ్గరికి రాగానే నాలో ఓ చిన్న గర్వం లేచింది. ఎంతమంది అల్లుళ్ళకి అత్తగారి పుట్టినరోజు నోటికొచ్చు? ఏటా కోడిగుడ్డు లేని కేకు వెతికి వెతికి తెచ్చేది నేను. "సెప్టెంబరు పదహారు కదా అత్తయ్యగారూ!" అని పైకి అన్నాను. అది ప్రశ్న కాదు, ప్రదర్శన. ఆవిడ నా వంక చూసింది. ఏదో అనబోయినట్టే ఉంది. "మీకన్నీ గుర్తే బాబూ" అని ఊరుకుంది. నేను మురిసిపోయి పంపించేశాను, అది తిరుగుటపాలో వచ్చింది.

పేరు, నంబరు, తేదీ, ఈ మూడింటిలో ఏది కలవలేదో ఆ ఎర్ర అక్షరాలు చెప్పవు. చెప్పకపోయినా నాకు వెంటనే తెలిసిపోయింది. పేరే! మనవాళ్ళు దేశం దాటాక తినే మొదటి దెబ్బ పేరు దగ్గరే కదా. ఊళ్ళో ఇంటిపేరు ముందు, ఇక్కడ వెనక. ఒక ఆఫీసులో ఇంటిపేరుతో పిలుస్తారు, ఇంకో ఆఫీసులో మన పేరు మధ్యకు చీలి సగం ఎటో పోతుంది. ఇక్కడికి రాకముందు అమెరికాలో ఉండగా నేను కొన్నాళ్ళు మా ముత్తాత ఊరిపేరుతో బతికాను. అందుకని అత్తయ్యగారి పేరుని ముందుకీ వెనక్కీ మార్చి పంపాను. రెండు ముక్కలు కలిపి పంపాను, విడదీసి పంపాను. పంపినప్పుడల్లా అదే సమాధానం.

మా ఆవిడ భోజనాల దగ్గర, "డేటాఫ్ బర్త్ చూశావా?" అంది.

"మీ అమ్మ పుట్టినరోజు నాకు తెలీదా?" అన్నాను. తను భుజాలెగరేసి గిన్నెలు తీసుకెళ్ళింది. నేను పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళని తనకి పెళ్ళయిన కొత్తల్లోనే అర్థమైపోయింది. అత్తయ్యగారు నాకు మజ్జిగ పోస్తూ ఇదంతా విన్నది.

ఇలా లాభం లేదని సోమవారం సెలవు పెట్టి ట్యాక్స్ ఆఫీసుకి ఫోన్ చేశాను. ఆ వెయిటింగ్ సంగీతం వింటూ ఓ కప్పు టీ తాగాను, ఇంకో కప్పు చల్లారబెట్టాను. చివరికి ఒకమ్మాయి పలికింది. ఖాతా ఎవరిదో వాళ్ళే మాట్లాడాలి, గుర్తింపు ప్రశ్నలు అయ్యాక కావాలంటే మీరు మాట్లాడొచ్చు అంది మర్యాదగా. ఫోన్ స్పీకర్లో పెట్టి అత్తయ్యగారిని పిలిచాను. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, టేబుల్ దగ్గర నిలబడి, ఫోన్ వైపు కొంచెం వంగింది.

పేరడిగితే చెప్పింది. నంబరు నేను కాగితం మీద చూపిస్తే ఒక్కో అంకే చదివింది. పుట్టినతేదీ అడిగింది ఆ అమ్మాయి.

"జూలై ఫస్ట్" అంది అత్తయ్యగారు తడుముకోకుండా.

కంగారులో ఏదో అనేసింది, జూలై ఒకటి కెనడా డే కదా, వీధిలో ఏటా టపాకాయలు చూస్తుంది కదా, అది నోటికొచ్చేసింది అనుకున్నాను. రెండు చేతులూ ఊపాను. "కాదు, కాదు! సెప్టెంబర్ సిక్స్‌టీన్!" అని గుసగుసగా అరిచాను. గుసగుసగా అరవడం ఎలాగో నన్ను చూసి నేర్చుకోవాలి.

ఆవిడ నా వంక చూసింది. ఫోన్ వంక చూసింది. మళ్ళీ నా వంక చూసింది. ఆ చూపు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. తర్వాత తల దించుకుని, "సారీ. సెప్టెంబర్ సిక్స్‌టీన్" అంది.

పక్కనుంచి ఎవరో జవాబు అందిస్తున్నట్టు వినిపించింది కాబట్టి ఇక ఈ కాల్ కొనసాగించలేను, ఖాతా మీద ఒక గుర్తు పెడుతున్నాను, గుర్తింపు కాగితాల నకళ్ళు పోస్టులో పంపండి, అవి చూశాకే మిగతా సంగతి అని చెప్పి ఆ అమ్మాయి పెట్టేసింది. ఆమె తప్పేం లేదు. ఓ ముసలావిడ చేత ఎవరో మగాడు తేదీ మార్పించి చెప్పిస్తుంటే ఎవరికైనా అనుమానం రాదూ? నేను మాత్రం "చూశారా, ఒక్క తేదీ దగ్గర ఎంత పనైందో" అని అత్తయ్యగారి మీదే విసుక్కున్నాను.

"పొరపాటైపోయింది బాబూ" అంది ఆవిడ.

సాయంత్రం మా ఆవిడ వచ్చాక ఈ ప్రహసనం అంతా కొంచెం మసాలా వేసి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. తను బ్యాగు భుజాన ఉండగానే ఆగిపోయింది. "జూలై ఒకటే కదా! అమ్మ సర్టిఫికెట్ డేటు అదే కదా! పాస్‌పోర్టులో, పీఆర్ కార్డులో, అన్నిటిలో అదే! సెప్టెంబరు పదహారు ఇంట్లోది!"

ఇది తెలియనివాడినా నేను? మనలో ఓ తరం మొత్తానికి పుట్టినరోజులు రెండేసి. వినాయక చవితి మర్నాడు పుట్టిందని అమ్మ గుర్తుపెట్టుకునేది ఒకటి, బళ్ళో వేసినరోజు మాస్టారు తోచింది రాసేసుకున్నది ఒకటి. జూన్‌లో బడి తెరుస్తారు కాబట్టి ఊళ్ళో సగంమంది పిల్లలు ఆ చుట్టుపక్కలే పుట్టేవారు. చవితి మర్నాడు ఆ ఏడు ఏ తేదీన వచ్చిందో పాత పంచాంగం వెతికి సెప్టెంబరు పదహారని తేల్చింది మా ఆవిడే. అంతెందుకు, నాక్కూడా రెండు తేదీలున్నాయి. నా కాగితాల్లో ఏది రాయాలో ఇన్నేళ్ళలో నేనెప్పుడూ తడబడలేదు. అత్తయ్యగారి దగ్గరికొచ్చేసరికి మాత్రం నాకు కేకు తేదీ ఒక్కటే తెలుసు. ఆవిడకి నేను తెచ్చే కేకు తప్ప వేరే జీవితం ఉంటుందని అనుకోలేదు కాబోలు.

అత్తయ్యగారు వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది.

"ముందే చెప్పొచ్చు కదండీ అత్తయ్యగారూ!" అన్నాను. నా గొంతు నాకే ఏడుపులా వినిపించింది.

"చెప్పేను గదండీ బాబూ ఫోన్లోని" అంది మెల్లిగా. "మీరు కాదన్నారు. మీరంత గట్టిగా కాదన్నాక, మళ్ళీ అదేనని నేనంటే ఏం బాగుంటదండీ, అవతల పరాయి పిల్ల వింటంటే."

నా పరువు కాపాడటానికి ఆవిడ తన ఫ్లాటు పోగొట్టుకుందని ఆ మాటతో అర్థమైంది. అప్పటికింకా పోలేదు, పోతుందని తెలిసిపోయిందంతే.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ రోజే తేదీ మార్చి మళ్ళీ పంపాను. చిటికెలో తీసుకుంది, అదీ ఆకుపచ్చ అక్షరాల్లో. కానీ రిటర్న్ అందడం వేరు, నోటీసు రావడం వేరు. ఖాతా మీద పెట్టిన గుర్తు తీస్తే గానీ నోటీసు రాదు. నకళ్ళు పోస్టు చేశాను. రోజూ పొద్దున్నే పోస్టు డబ్బా తీసి చూసేవాణ్ణి. ఆ మధ్యలో ఉగాది వచ్చింది. పచ్చడి గిన్నె నా చేతికిస్తూ అత్తయ్యగారు, "కంగారు పడకండి బాబూ, రావాలంటే అదే వస్తది" అంది. ఓదార్చాల్సినవాణ్ణి నేను, ఓదార్చింది ఆవిడ.

నెలాఖరు వచ్చింది గానీ నోటీసు రాలేదు. రిటర్న్ అందినట్టున్న కాగితం ప్రింటు తీసుకుని మేనేజరు దగ్గరికి స్వయంగా వెళ్ళి బతిమాలాను. పాపం, మంచి మనిషే. మీ అత్తగారిలాగే ఇంకొకావిడ చాలా రోజులుగా ఎదురుచూస్తోంది, ఆవిడ కాగితాలన్నీ ఉన్నాయి అంది. ఇంటికొచ్చి చెబితే అత్తయ్యగారు "పోనీలెండి బాబూ" అని, అన్నం వడ్డించమంటారా అని అడిగింది.

కడప ఆవిడ మాత్రం ఊరుకోలేదు. ఫోన్ నాకిమ్మని అడిగి మరీ అన్నారు: "ఏం నాయనా, ఇంత చదువుకోని ఉండావు, ఆయమ్మ పుట్టిన దినం ఆయమ్మకే నేర్పిస్తివా?" ఎవరైనా నన్ను తిడితే బాగుండునని అప్పటికి చాలా రోజులుగా ఉంది. ఆ తిట్టుతో నాకు కాస్త ప్రాణం కుదుటపడింది.

వేసవిలో నోటీసు వచ్చింది. దాంతో పనేం లేదప్పుడు. అయినా సొసైటీకి పంపి లిస్టులో పేరు ఉంచమన్నాం. ఆదివారాలు అత్తయ్యగారిని ఆ బిల్డింగ్‌లో దింపి రావడం నా పని చేసుకున్నాను. తీసుకురావడానికి వెళ్ళినప్పుడు ముందు కింద నుంచి ఫోన్ చేసేవాణ్ణి, కాళ్ళు దించుకునే కంగారు లేకుండా. ఆవిడే మెల్లిగా లిఫ్టులో దిగి వచ్చేది. మొహం మీద నవ్వు ఇంకా పూర్తిగా ఆరకుండా ఉండేది, కారు తలుపు తియ్యగానే ఆరిపోయేది.

ఆకులు రాలే రోజుల్లో కడప ఆవిడ కూతురికి సర్రీలో ఉద్యోగం వచ్చింది. వాళ్ళతోపాటు ఆవిడా వెళ్ళిపోయారు. దేశం ఈ చివర నుంచి ఆ చివరికి. వెళ్ళేముందు ఇద్దరూ ఆ సోఫా మీద ఏం మాట్లాడుకున్నారో తెలియదు. ఆ రోజు అత్తయ్యగారు కిందికి రావడానికి చాలాసేపు పట్టింది. తర్వాత ఫోన్లు చేసుకునేవారు. మాల్‌లో చుట్లు కొట్టడం మానేసింది, మోకాళ్ళు నొప్పులంది.

మంచు మొదలయ్యాక బిల్డింగ్ మేనేజరు ఫోన్ చేసింది. ఆ కడప ఆవిడ ఉన్న ఫ్లాటే ఖాళీగా ఉందనీ, లిస్టులో ఇప్పుడు మొదటి పేరు మీదేననీ, వస్తారో రారో రేపు చెప్పమనీ అంది. నేను పరుగున వంటింట్లోకి వెళ్ళి చెప్పాను. "ఏం చేద్దామండీ? మీకెలా ఉంటే అలా. నేనేమీ అనుకోను, ఒట్టు" అన్నాను.

"మీరెలా అంటే అలా బాబూ" అంది ఆవిడ పోపు వేయిస్తూ.

లాభం లేదని రాత్రి భోజనాలయ్యాక మా ఆవిణ్ణి పంపాను. తల్లీ కూతుళ్ళిద్దరూ గదిలో చాలాసేపు ఉన్నారు. మా ఆవిడ ముక్కు తుడుచుకుంటూ బయటికొచ్చి సోఫాలో కూలబడింది.

"ఏమంది?"

"అప్పుడైతే వెళ్దునే, ఇప్పుడక్కడ ఎవరున్నారు అంది." ముక్కు ఇంకోసారి తుడుచుకుని, "నీకు మాత్రం ఆ మాట చెప్పొద్దంది" అంది.

మర్నాడు పొద్దున్న నేను బూట్లు వేసుకుంటుంటే అత్తయ్యగారు కాఫీ తెచ్చింది. కప్పు నా చేతికిచ్చి, ఎప్పటిలా రెండడుగులు వెనక్కి వెళ్ళి నిలబడింది. ఆవిడ అంతట ఆవిడ నాతో మాట మొదలెట్టడం అరుదు. ఆ రోజు మొదలెట్టింది.

"నాకిక్కడే బాగుంది బాబూ. ఆ ఇల్లు ఇంకెవరికైనా ఇచ్చెయ్యమనండి" అంది, నవ్వుతూ.

కాదండీ, మీకిక్కడ బాగాలేదు, నాకు తెలుసు అనాలని నోటిదాకా వచ్చింది. రాత్రంతా ఆ మాట కోసమే మేలుకుని ఉన్నాను కూడా. కానీ నా కోసం అంత జాగ్రత్తగా కూర్చుకుని తెచ్చిన అబద్ధాన్ని ఆవిడ మొహం మీద ఎలా కాదనను? కాఫీ తాగి, "మంచిదండీ" అన్నాను.